అరగంట పనికి అన్నాళ్ళ ఎదురుచూపా?

ప్రతి ఇల్లాలి మనసులోనూ ఓ చిట్టా ఉంటుంది. కాగితం మీద పెట్టదు గానీ, అందులో ఒక్క పద్దు కూడా మర్చిపోదు. సింకు చుట్టూ నల్లగా బూజు పట్టిన సిలికాన్ తీయించాలి. కిటికీ మెష్ ఫ్రేముకి తుప్పు పట్టిన స్క్రూలు మార్పించాలి. నీళ్ళ ఫిల్టరు పైపు కోసం అలమర వెనక చెక్కకి కన్నం పెట్టించాలి. స్నానాలగది టైల్స్ మధ్య లేచిపోతున్న సిమెంటు గీకించి మళ్ళీ నింపించాలి. చూశారా, అన్నీ 'ఇంచాలి'లే! మన చేత్తో మనం చేసుకునేది ఒక్కటీ లేదు.

ఒక్కోటీ అరగంట పని. ఆ అరగంట పనికి మనిషి దొరకాలంటే అరడజను ఫోన్లు. "రేపొస్తానమ్మా" అంటాడు వడ్రంగి. ఆ రేపు ఎంతకీ రాదు. నిజం చెప్పాలంటే అతన్ని తప్పుపట్టడానికీ లేదు. ఎక్కడో కొత్త ఇంటికి తలుపులు చేస్తున్న మనిషి సామాను సంచి భుజాన వేసుకుని మన ఒక్క గడియ కోసం వస్తే ఆ పూట కూలీ పోయినట్టే. మనం చేతిలో పెట్టే రెండు మూడొందలు ఆ నష్టాన్ని పూడ్చవు. అతని లెక్క అతనిది. మరి మన పని మాటేమిటి?

అందుకే ఈసారి ఓ పనిముట్టు గురించి చెప్పాలనుకుంటున్నాను. పేరు ఆసిలేటింగ్ మల్టీటూల్. నోరు తిరగడం కష్టం కనక మల్టీటూల్ అనుకుందాం. డ్రిల్లింగ్ మెషీన్‌లాగా అన్ని ఇళ్ళలో కనపడేది కాదు. కానీ నన్నడిగితే, చిన్న చిన్న మరమ్మతులు సొంతంగా చేసుకోదలచిన ఇల్లాలు సుత్తి, స్క్రూడ్రైవర్లు, డ్రిల్లు తరవాత కొనుక్కోవలసిన వస్తువు ఇదే.

గడియ సంగతి

మాది కాకినాడ. సముద్రపు గాలికి ఇక్కడ ఇనుము నాలుగేళ్ళు నిలవదు. మా అత్తయ్యగారి గదికి ఆనుకుని ఉన్న స్నానాలగది తలుపు గడియ అలాగే తుప్పు పట్టింది. ఓ మధ్యాహ్నం అది బిగుసుకుపోయి ఆవిడ నలభై నిమిషాలు లోపలే ఉండిపోయారు. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. నేను బయటినుంచి తలుపుని అటూ ఇటూ ఊపుతుంటే, లోపలినుంచి ఆవిడ మగ్గుతో కొట్టి కొట్టి ఎలాగో లాగారు. బయటికొచ్చి మంచం మీద కూర్చుని, "నాకేం కాలేదే" అన్నారు. చేతులు మాత్రం వణుకుతూనే ఉన్నాయి.

ఆ రోజునుంచి ఆవిడ గడియ పెట్టడం మానేశారు. తలుపు దగ్గరగా వేసుకుని, "ఎవరూ ఇటు రాకండర్రా" అని ఐదు నిమిషాలకోసారి కేకేస్తూ స్నానం చేసేవారు. మనవలు ఎదిగిన పిల్లలు. ఇంటికి వచ్చేపోయేవాళ్ళుంటారు. వారం తిరిగేసరికి ఆవిడ స్నానం రోజు విడిచి రోజుకి వచ్చింది. అడిగితే, "చలిగా ఉందే" అన్నారు. కాకినాడలో, ఆగస్టులో!

గడియ మార్చడమంటే ఏముంది, స్క్రూలు తీసి కొత్తది బిగించడమే కదా అంటారేమో. ఆరు స్క్రూలకీ తలలు తుప్పుతో పూడిపోయాయి. స్క్రూడ్రైవరు పట్టుకోవడానికి గాడే మిగల్లేదు. కొబ్బరినూనె పోశాం, మావారు పటకారుతో లాగారు. ఊహూ! వడ్రంగికి ఫోన్లు చేస్తూనే ఉన్నాను. పదకొండు రోజులు గడిచాయి.

డల్లాస్‌లో ఉండే మా చెల్లెలు ఫోన్లో ఇదంతా విని, "మల్టీటూల్ ఉంటే పావుగంట పని కదే అక్కా" అంది. అక్కడ ఇంటికి మనిషిని పిలిస్తే అయ్యే ఖర్చుకి భయపడి వాళ్ళు ఇలాంటివన్నీ తామే నేర్చుకుంటారు. గడియకీ తలుపుకీ మధ్య సందులోకి సన్నటి బ్లేడు దూర్చి, స్క్రూలని తల కింద కోసెయ్యాలట. మిగిలిన ముక్కలు చెక్కలోనే ఉండిపోతాయి, వాటితో మనకి పనిలేదు.

కొన్నాక సరిగ్గా అలాగే చేశాను. ఆరు స్క్రూలకి పన్నెండు నిమిషాలు పట్టింది. పాత గడియ చేతిలోకి ఊడివచ్చింది. రెండంగుళాలు పైకి జరిపి, మేకుతో చిన్న చిన్న గుంటలు కొట్టుకుని, స్టెయిన్‌లెస్ స్టీలు గడియని స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలతోనే బిగించాను. సముద్రం దగ్గరవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోండి. గడియ స్టీలుదై, దాంతోపాటు ఇచ్చిన స్క్రూలు ఇనపవైతే మళ్ళీ మొదటికే వస్తుంది. అన్నట్టు, పెద్దవాళ్ళుండే ఇళ్ళలో బయటినుంచి నాణెంతో తిప్పి తెరవగలిగే రకం గడియలు దొరుకుతాయి. తలుపుకి కన్నం పెట్టే ఓపికుంటే అవి ఇంకా మేలు.

కథలు రాసుకునేదాన్ని కాబట్టి గడియ, తలుపు అనగానే ఏవేవో అర్థాలు తీయబుద్ధవుతుంది. ఆ రోజు మాత్రం అలాంటిదేం తోచలేదు. అత్తయ్యగారు లోపలికెళ్ళి గడియ వేసుకుని తీసి, మళ్ళీ వేసుకుని, మళ్ళీ తీసి చూసుకున్నారు. తరవాత వేణ్ణీళ్ళు పెట్టమన్నారు.

ఆస్పత్రిలో చూసిన యంత్రమే

ఇంతకీ ఈ మెషీన్ ఎలా పనిచేస్తుంది? మీ పిల్లాడికెప్పుడైనా చెయ్యి విరిగి, కట్టు విప్పించడానికి తీసుకెళ్ళారా? గుర్రుమంటూ ఓ రంపం తెచ్చి ప్లాస్టర్‌ని కోస్తుంటే మన గుండె ఝల్లుమంటుంది. డాక్టరుగారు మాత్రం నవ్వుతూ దాన్ని తన అరచేతికి ఆనించి చూపిస్తారు. చర్మం తెగదు. ఎందుకంటే ఆ బ్లేడు గుండ్రంగా తిరగదు, ఉన్నచోటే అటూ ఇటూ అదురుతుంది. గట్టిగా ఉన్న ప్లాస్టర్ తెగుతుంది, మెత్తగా ఉన్న చర్మం బ్లేడుతోపాటే కదులుతుంది. అమెరికాలో హోమర్ స్ట్రైకర్ అనే ఎముకల డాక్టరు 1940ల్లోనే అలాంటి రంపం తయారుచేశాడు. జర్మనీలో స్టుట్‌గార్ట్ నగరానికి చెందిన ఫైన్ అనే పాత కంపెనీ 1967లో తన ప్లాస్టర్ రంపాన్ని తెచ్చి, తరవాత అదే సూత్రాన్ని కార్ల అద్దాలు ఊడదీయడానికీ, చెక్కపనికీ వాడుకుంది. ఆ కంపెనీ పేటెంటు గడువు 2008 ప్రాంతంలో తీరేదాకా ఇది ఖరీదైన వస్తువు. తరవాత మిగతా కంపెనీలన్నీ దిగాయి, ధరలు మనకి అందేంత కిందికొచ్చాయి.

అదిరేది ఎంత? మొత్తం మూడు నాలుగు డిగ్రీలు. గడియారంలో నిమిషాల ముల్లు ఒక నిమిషానికి ఆరు డిగ్రీలు జరుగుతుంది, అంటే అందులో సగం, సగంకంటే కాస్త ఎక్కువ. కానీ నిమిషానికి ఇరవై వేలసార్ల దాకా అదురుతుంది. అందుకే మన కంటికి బ్లేడు కదులుతున్నట్టే ఉండదు, కాస్త మసకగా కనిపిస్తుంది అంతే.

ఇక్కడో హెచ్చరిక. ఆస్పత్రి రంపం చర్మాన్ని కొయ్యదు కదా అని మన మల్టీటూల్‌ని చేతికి ఆనించి చూడకండి! దీని బ్లేడు పళ్ళు వాడి. శుభ్రంగా కోస్తుంది.

కొట్లో ఏం చూడాలి?

నేను వెళ్ళిన హార్డ్‌వేర్ కొట్టు కుర్రాడు ముందు నా వెనక్కి చూశాడు. "సార్ రాలేదామ్మా?" అన్నాడు. "సార్‌కి మేకు కొట్టడం రాదు బాబూ, నాకే చూపించు" అన్నాను. వాడు నవ్వేసి మూడు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు. మంచివాడే. ఆడవాళ్ళు అడగ్గా చూడలేదు, అంతే.

ముందు చేత్తో పట్టుకోండి. అంకెలు చదవడం తరవాత. ఇవి కిలో నుంచి కిలోన్నర దాకా బరువుంటాయి. మగవాళ్ళ అరచేతిని దృష్టిలో పెట్టుకుని చేసిన లావుపాటి మెషీన్ మన వేళ్ళకి పూర్తిగా చుట్టుకోదు. పట్టు చాలకపోతే పది నిమిషాలకే మణికట్టు లాగుతుంది. పట్టుకున్న చెయ్యి వదలకుండా బొటనవేలితో స్విచ్చి వేయగలరా, ఆపగలరా చూడండి. ఆపగలగడం ముఖ్యం.

రెండోది, వేగం తగ్గించి పెంచే చక్రం. అది లేని మెషీన్ ఎంత చవకైనా వద్దు. చెక్కకి వేగం కావాలి. ఇనుముకి తక్కువ కావాలి. ప్లాస్టిక్ పైపుని పూర్తి వేగంతో కోస్తే తెగేచోట కరిగి మళ్ళీ అతుక్కుపోతుంది.

మూడోది, బ్లేడు బిగించే పద్ధతి. కొన్నింటికి మీట లాగితే చాలు, బ్లేడు వచ్చేస్తుంది. కొన్నింటికి అలెన్ కీతో బోల్టు విప్పాలి. మీటది సుఖం. బోల్టుది కాస్త తక్కువ ధర, పట్టు మాత్రం గట్టిదే, నాకేం ఇబ్బంది అనిపించలేదు. అంతకంటే ముఖ్యమైన విషయం, ఆ మెషీన్‌కి ఏ బ్లేడ్లు పడతాయన్నది. బ్లేడు తలకట్టులో రకాలున్నాయి. 2016లో బాష్, ఫైన్ కంపెనీలు కలిసి స్టార్‌లాక్ అని ఓ పద్ధతి తెచ్చాయి. బ్లేడు టక్కుమని అతుక్కుంటుంది, కదలదు. కానీ ఆ బ్లేడ్లు ఖరీదు, చిన్న ఊళ్ళలో అన్నిచోట్లా దొరకవు. తల తెరిచి ఉండే మామూలు రకమైతే ఏ కంపెనీ బ్లేడైనా చాలావరకు పడుతుంది. "ఈ మెషీన్‌కి బ్లేడ్లు మీ కొట్లో ఉన్నాయా? ఇప్పుడే నాలుగు చూపించు" అని అడగండి. చూపించలేకపోతే ఆ మెషీన్ కొని మీరేం చేసుకుంటారు?

వైరుదా, బ్యాటరీదా అన్న ప్రశ్న అందరూ అడుగుతారు. ఇంట్లో ఇప్పటికే బ్యాటరీ డ్రిల్లు ఉంటే, అదే కంపెనీలో అదే బ్యాటరీ పట్టే మల్టీటూల్ ఒక్కటీ విడిగా కొనుక్కోండి, ఖర్చు కలిసొస్తుంది. లేదంటే వైరుదే మంచిదని నా అభిప్రాయం. ఈ మెషీన్ బ్యాటరీని గటగటా తాగేస్తుంది. పైగా మూడు నెలలకోసారి తీసే వస్తువుకి బ్యాటరీ ఛార్జి చేసి పెట్టుకోవడం ఒక పని. ఇంటి అవసరాలకి 250 నుంచి 350 వాట్ల మెషీన్ సరిపోతుంది. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సు చాలు, వైరు చుట్ట మొత్తం విప్పి పెట్టుకోవాలి.

అదిరే కోణం కూడా డబ్బా మీద రాస్తారు. ఒక కంపెనీ ఒకవైపుది మాత్రం రాస్తుంది, ఇంకో కంపెనీ రెండువైపులా కలిపి రాస్తుంది. ఒకచోట 1.6, ఇంకోచోట 3.2 కనిపిస్తే కంగారు పడకండి, రెండూ ఒకటే కావచ్చు. కోణం పెద్దదైతే త్వరగా కోస్తుంది, చెయ్యీ అంతే జోరుగా అదురుతుంది.

ధరంటారా, వైరున్నవి మూడు నాలుగు వేల నుంచి మొదలై, పేరున్న కంపెనీల్లో పదివేల దాకా పోతాయి. నెలకో చిన్న పని చేసుకునే ఇంటికి మధ్యరకం చాలు. మా నాలుగు ఫ్లాట్లకీ కలిపి ఇప్పుడు ఒకటే మెషీన్. ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకెళతారు. బ్లేడ్లు మాత్రం ఎవరివి వాళ్ళవే, పళ్ళు తోముకునే బ్రష్షుల్లాగా!

ప్రాణమంతా బ్లేడులోనే

మెషీన్ ఎంత మంచిదైనా పనిచేసేది బ్లేడే. కూర రుచి బాండీలో ఉండదు కదా! చాలామంది మెషీన్ మీద వేలు పోసి, బ్లేడు దగ్గర వందకి బేరమాడతారు. అది తిరకాసు వ్యవహారం.

మామూలు ఉక్కు బ్లేడు చెక్కకీ, ప్లైవుడ్‌కీ, ప్లాస్టిక్‌కీ. చెక్కలో ఒక్క మేకు తగిలిందో, పళ్ళు నున్నగా అరిగిపోతాయి. మన పాత ద్వారబంధాల్లో మేకులు ఎక్కడ దాక్కున్నాయో పైకి కనపడదు. కాబట్టి బైమెటల్ అని రాసి ఉన్నది కొనుక్కోండి. ఒళ్ళు వంగే ఉక్కు, పళ్ళు గట్టి ఉక్కు. చెక్కనీ, మేకునీ, మామూలు ఇనప స్క్రూనీ కూడా కోస్తుంది. మా గడియ కోసింది దాంతోనే. నల్లటి గట్టి స్క్రూలూ, స్టెయిన్‌లెస్ స్టీలూ అయితే కార్బైడ్ పళ్ళ బ్లేడు కావాలి. అది ఒక్కటే ఏడెనిమిది వందల నుంచి పైన. అవసరం పడ్డ రోజున కొనుక్కోవచ్చు.

టైల్స్ మధ్య సిమెంటు తీయడానికి పళ్ళుండవు, అంచంతా గరుకుగా కార్బైడ్ పొడి గానీ వజ్రపు పొడి గానీ అద్దిన అర్ధచంద్రాకారం బ్లేడు వేరే ఉంటుంది. సిలికాన్‌నీ, పాత జిగురునీ లేపడానికి అట్లకాడలాంటి రేకు ఇంకోటి. మూలల్లో నున్నగా రుద్దడానికి ముక్కోణపు దిమ్మ, దానికి అంటుకునే గరుకు కాగితాలూ. ఈ ముక్కోణపు దిమ్మని చిన్నచూపు చూడకండి. కిటికీ రెక్కల మూలల్లో చేత్తో రుద్దలేనిచోటికి దాని ముక్కు దూరుతుంది. ముక్కు దగ్గర కాగితం అరిగితే తీసి రెండో మూల ముందుకి తిప్పి పెట్టుకోండి. ఒక్క కాగితం మూడు కాగితాల పని చేస్తుంది.

చేతిలోకి తీసుకున్నాక

మొదటిసారి ఇంటి వస్తువు మీద ప్రయోగం వద్దు. పాత ప్లైవుడ్ ముక్క ఒకటి తీసుకుని, కాళ్ళతో తొక్కిపట్టకుండా బల్లకి గట్టిగా బిగించి, పది గాట్లు పెట్టి చూడండి. చెయ్యి తెలుసుకుంటుంది.

గీత గీసుకోండి. సన్మైకా అయితే గీత మీద కాగితం టేపు అంటించి దాని మీద గీయండి, అంచు పెచ్చులు లేవదు. మెషీన్ ఆన్ చేశాక బ్లేడుని మెల్లిగా ఆనించాలి, ఆనించి ఆన్ చేయకూడదు. బ్లేడు ఒక మూలతో మొదలుపెట్టి, గాటు పడ్డాక మిగతా అంచుని దించండి. తరవాత అటూ ఇటూ కొద్దిగా ఊపుతూ ఉంటే పొడి బయటికొస్తుంది. నొక్కకండి! మనవాళ్ళు చేసే పని అదే. తెగడం లేదని బలంకొద్దీ నొక్కుతారు. నొక్కితే అదురు ఆగిపోతుంది, బ్లేడు వేడెక్కుతుంది, చెక్క మాడి పొగొస్తుంది. తెగకపోతే బ్లేడు మార్చాలి గానీ బలం పెంచకూడదు. ఉల్లిపాయ తరిగే కత్తి మొద్దుబారితే మనమేం చేస్తాం?

బ్లేడు మార్చేముందు ప్లగ్గు తీసేయాలి. స్విచ్చి ఆపితే చాలదు. కోసిన వెంటనే బ్లేడుని వేళ్ళతో ముట్టుకోకండి, దోసెల పెనంలా ఉంటుంది. మట్టిగాజులు తీసి పక్కన పెట్టండి, ఆ అదురుకి చిట్లుతాయి. ఇది గిరగిరా తిరిగేది కాదు కనక డ్రిల్లులాగా కొంగునీ, జడనీ చుట్టేసుకోదు. అయినా కొంగు బొడ్లో దోపుకోండి, చున్నీ తీసేయండి. కళ్ళకి అద్దాలు, ముక్కుకి ఎన్-95 మాస్కు, చెవులకి ప్లగ్గులు. మూడూ కలిపితే మూడొందలు కాదు. సినిమాలో కథానాయిక ఇవేవీ లేకుండా చేస్తే చేసుకోనివ్వండి.

ఈ మెషీన్ నిజంగా మెరిసేది ఎక్కడంటే, మిగతా రంపాలేవీ దూరనిచోట. ఈమధ్య చాలామంది పాత గచ్చు పగలగొట్టకుండా దాని మీదే కొత్త టైల్స్ వేయించుకుంటున్నారు. అప్పుడు ద్వారబంధం కాళ్ళు అడ్డొస్తాయి. మేస్త్రీ టైల్‌ని ద్వారబంధం ఆకారంలో వంకరటింకరగా కోసి, సందుల్లో తెల్ల సిమెంటు కూరి వెళ్ళిపోతాడు. అలా కాకుండా ఓ టైల్ ముక్కని, దాని కింద జిగురు మందానికి సరిపడా అట్టముక్కని నేల మీద పెట్టి, దాని మీద బ్లేడుని పడుకోబెట్టి ద్వారబంధం కాలిని అంతమేర కోసేస్తే, టైల్ దాని కిందికి చక్కగా దూరిపోతుంది. సందే కనపడదు. ద్వారబంధం నిలబడి ఉండగానే నేలబారుగా కోయడం చేతిరంపంతో ఎంత కష్టమో వడ్రంగులకే తెలుసు.

అలాగే గోడకి అతుక్కున్న ప్లాస్టిక్ పైపు కోయడం, బిగించేసిన వంటగది అలమర వెనక చెక్కకి నలుచదరంగా కన్నం పెట్టడం. కన్నానికి ముందు ఒక్క మాట. ఆ చెక్క వెనక గోడలో కరెంటు వైర్లు గానీ, నీళ్ళ పైపు గానీ పోతున్నాయేమో ఆలోచించండి. స్విచ్చిబోర్డుకి నేరుగా పైనా, కిందా, కుళాయికి నేరుగా పైనా, కిందా అనుమానించాల్సిందే. ఆ గది సరఫరా మీటరు బోర్డు దగ్గర ఆపేసి, పక్కగది నుంచి ఎక్స్‌టెన్షన్ లాక్కుని పనిచేయండి. స్నానాలగదిలోనైతే నేల పూర్తిగా ఆరాలి, కాళ్ళకి రబ్బరు చెప్పులుండాలి. కరెంటు లీకైతే తక్షణం ఆపేసే ఆర్‌సీసీబీ మీ బోర్డులో ఉందో లేదో ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు అడిగి తెలుసుకోండి. ఆ ప్రశ్న ఈ మెషీన్ కొన్నా, కొనకపోయినా అడగవలసిందే.

టైల్స్ మధ్య గ్రౌట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఫ్లాట్లలో కింది ఇంటి పైకప్పు చెమ్మగిల్లితే ముందు పై ఇంటావిడకే మాట పడుతుంది. లేచిపోయిన గ్రౌట్ తీసి కొత్తది నింపితే కొంతవరకు నయం. కానీ మన దగ్గర చాలా ఇళ్ళలో టైల్స్‌ని సందు లేకుండా దగ్గర దగ్గరగా వేసి తెల్ల సిమెంటు పూసేస్తారు. ఆ సందులో బ్లేడు పెడితే టైల్ అంచులు పెచ్చులూడతాయి. రూపాయి బిళ్ళ ఒకటి సందులో నిలబెట్టి చూడండి. బిళ్ళ మందం కూడా లేని సందైతే వదిలేయండి. రెండు బిళ్ళల మందం ఉందా, నిశ్చింతగా చేయొచ్చు. మధ్యలో నడిపించి, అంచులకి తగలకుండా పైనుంచి కిందికి ఒక్కో గీతా తీయండి. పొడి ఊడ్చకండి, తడిగుడ్డతో తుడవండి. కొత్త గ్రౌట్ నింపాక దాని మీద రాసి ఉన్నంతసేపు ఆరనివ్వండి. చెమ్మ పైపు జాయింటులోంచో, కింద ట్రాప్ దగ్గరినుంచో వస్తున్నట్టయితే మాత్రం ఎంత గ్రౌట్ నింపినా ఆగదు. నాలుగు రోజులు ఆ స్నానాలగది వాడకుండా ఉంచితే, చెమ్మ తగ్గిందా లేదా అన్నదాన్నిబట్టి కొంత తెలుస్తుంది. కింది ఇంటావిడకి ఆ మాట ముందే చెప్పి ఉంచండి.

ఎక్కడ వద్దు?

వానాకాలంలో తలుపు పట్టేస్తోందని అడుగుభాగం కోయడానికి ఈ మెషీన్ తీయకండి. చెక్క తేమకి ఉబ్బేది అడ్డంగానే, నిలువునా పెద్దగా పెరగదు. కింద నేలకి రాసుకుంటోందంటే చాలాసార్లు పైబందు స్క్రూలు వదులై తలుపు వాలి ఉంటుంది. ముందు అవి బిగించి చూడండి. అప్పటికీ కోయాల్సిందేనంటే, రెండున్నర అడుగుల పొడవునా ఈ చిన్న బ్లేడుతో కోస్తే అంచు అలలు అలలుగా వస్తుంది. అది చిత్రిక పట్టే పని, వడ్రంగిదే. గ్రానైటు బండకి కొత్తగా కన్నం పెట్టడం, ఇనపగొట్టాలు కోయడం కూడా దీని పనులు కావు. అలాగని మీరే గ్రైండర్ పట్టుకోమని నేను చెప్పను. నిప్పురవ్వలు చిమ్ముతూ తిరిగే ఆ రాయి విరిగితే ఎటు పోతుందో తెలియదు. అది నేర్చినవాళ్ళకి వదిలేద్దాం.

పాత రంగు గీకేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళు దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన కిటికీలు, తలుపుల రంగులో ఎంత సీసం ఉందో మనకేం తెలుసు? ఆ పొడి చిన్నపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ చేటు. అలాంటిచోట మెషీన్‌తో పొడిగా రుద్దకుండా, కాగితాన్ని నీళ్ళలో తడిపి చేత్తోనే రుద్దించండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. పెరట్లో వసారాకి వేసిన పాత సిమెంటు రేకులు కోయమంటే ససేమిరా అనండి. అందులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ నూగు ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ళ తరవాత బయటపడే జబ్బులొస్తాయి. మామూలు మాస్కు దాన్ని ఆపదు. టైల్, సిమెంటు పొడి కూడా మంచిది కాదు గనక కిటికీలు తెరిచి, మాస్కు పెట్టుకునే చేయండి.

మెషీన్ కొన్నరోజే పది బ్లేడ్ల సెట్టు కొనమంటాడు కొట్టువాడు. వద్దు. చెక్కకీ మేకుకీ పనికొచ్చే బైమెటల్ బ్లేడ్లు రెండు, అట్లకాడ ఒకటి, ముక్కోణపు దిమ్మకి 80, 120 నంబరు గరుకు కాగితాలు చెరో అయిదూ. ఏడాది గడుస్తుంది. అరిగిన బ్లేడు పారేయకండి. వేగం తగ్గించి పెట్టుకుంటే పాత సిలికాన్ పట్టీని నిలువునా చీల్చడానికి మొద్దుబారిన పళ్ళు చాలు, అంచుకి గీతలు కూడా పడవు. మా ఇంట్లో రెండు బిస్కెట్ డబ్బాలున్నాయి, ఒకదాంట్లో కొత్తవి, ఇంకోదాంట్లో ఇలాంటివి. రెండింట్లోనూ తుప్పు పట్టకుండా కుట్టుమిషను నూనె రాసిన గుడ్డముక్క ఒకటి పడేసి ఉంచుతాను.